మంచు కరిగితే సముద్రం ఎందుకు నెమ్మదిస్తుంది? గ్రీన్‌లాండ్ నీళ్లు మన క్యూసెక్కుల్లో ఎంత?

గోదారిగట్టు, ధవళేశ్వరం
నిన్న వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. గ్రీన్‌లాండ్ మంచు కరిగి అట్లాంటిక్ సముద్రంలో గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి ప్రవాహం ఆగిపోతుందట, లండన్ గడ్డకట్టుకుపోతుందట. మా పెద్దమ్మాయి అక్కడే చదువుతోంది. అది చూసినప్పటినుంచి మా ఆవిడకి ఒకటే కంగారు. నా అనుమానాలు రెండు. భూమి వేడెక్కి మంచు కరుగుతుంటే ఊరు చల్లబడటం ఏంటి? మంచునీళ్లూ నీళ్లే, సముద్రం నీళ్లూ నీళ్లే కదా, ఇవి అందులో కలిస్తే ప్రవాహం ఎందుకు ఆగాలి? బ్యారేజీ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. వరదొస్తే ప్రవాహం పెరగడమే చూశాను, తగ్గడం ఎప్పుడూ చూళ్లేదు. తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

సైన్సుమాస్టారు, తణుకు
బాబూ, రెండో అనుమానానికి జవాబు మీ వంటింట్లోనే ఉంది. మా బళ్లో ముప్పై ఏళ్లు చేయించిన ప్రయోగం ఇది. రాత్రి ఐస్ ట్రేలో నీళ్లు పోసి, ఒక్కో గడిలో రెండేసి చుక్కలు నీలం సిరా వెయ్యండి. పొద్దున రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో మామూలు నీళ్లు. రెండోదాంట్లో ఉప్పునీళ్లు, లీటరుకి రెండు పెద్ద చెంచాల ఉప్పు లెక్కన, అంటే సముద్రమంత ఉప్పన. రెండూ ఒకే వేడిలో ఉండాలి. రెండింట్లో చెరో ఐస్‌ముక్క మెల్లిగా వదలండి. కదపకుండా పక్కనుంచి చూడండి. మామూలు నీళ్లలో నీలం దారాలు దారాలుగా అడుక్కి దిగుతుంది. ఉప్పునీళ్లలో ఏం జరుగుతుందో నేను చెప్పను. చిన్నమ్మాయి ఇంట్లో ఉంటే తన చేత చేయించి, చూసింది ఇక్కడ రాయండి.

ఉత్తరసముద్రం, బెర్గెన్
నమస్తే అండీ. నేను నార్వేలో సముద్ర శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మాస్టారు చెప్పిన గ్లాసు దగ్గరే అసలు విషయమంతా ఉంది. దానికి ముందు ఆ వీడియోలో ఉన్న ఒక తప్పు సరిచేస్తాను.

గల్ఫ్ స్ట్రీమ్ ఆగదు. దాన్ని ప్రధానంగా తోసేది గాలులు, భూమి తిరగడం. కార్ల్ వున్ష్ అనే సముద్ర శాస్త్రవేత్త 2004లోనే ఈ మాట గట్టిగా చెప్పారు. ప్రమాదంలో ఉన్నది దానితో ముడిపడిన ఇంకో వ్యవస్థ. అట్లాంటిక్‌లో పైపొరలో వెచ్చటి ఉప్పునీళ్లు ఉత్తరానికి వస్తాయి. ఐస్‌లాండ్, నార్వే, గ్రీన్‌లాండ్ మధ్య సముద్రాల్లో తమ వేడినంతా గాలికి ఇచ్చేస్తాయి. చల్లబడి, బరువెక్కి, మునిగి, లోతుల్లో మళ్లీ దక్షిణానికి వెళ్తాయి. నిలువునా తిరిగే ఈ ప్రవాహాన్ని మేం పొట్టిగా అమాక్ అంటాం. గ్రీన్‌లాండ్‌కీ ఐస్‌లాండ్‌కీ మధ్య ఆ చల్లటి నీళ్లు సముద్రం అడుగున ఒక గట్టు దాటి మూడు కిలోమీటర్లకు పైగా కిందికి దూకుతాయి. భూమ్మీద అన్నిటికంటే పెద్ద జలపాతం అదే. పైన ఓడలో వెళ్లేవాళ్లకి దాని జాడ కూడా తెలియదు.

ఆ నీళ్లు మునగాలంటే చలి ఒక్కటే చాలదు, ఉప్పు కావాలి. గడ్డకట్టడానికి దగ్గరగా ఉన్న నీళ్లలో బరువుని తేల్చేది వేడికంటే ఉప్పే ఎక్కువ. వాటి మీద మంచునీళ్లు వచ్చి పరుచుకుంటే పైపొర తేలికైపోతుంది. ఎంత చల్లబడినా మునగదు. మునగకపోతే కింద నుంచి దక్షిణానికి వెళ్లేది తగ్గుతుంది, పైనుంచి ఉత్తరానికి వచ్చే వెచ్చటి నీళ్లూ తగ్గుతాయి. అందుకే లోకమంతా వేడెక్కుతున్నా ఆ ఒక్క మూల చల్లబడే అవకాశం ఉంది. గత వందేళ్ల ఉష్ణోగ్రతల పటం చూడండి, అంతా ఎర్రగా ఉండి గ్రీన్‌లాండ్‌కి దక్షిణాన ఒక్క చోట నీలి మచ్చ కనిపిస్తుంది.

గోదారిగట్టు, ధవళేశ్వరం
ఇప్పుడు కొంచెం పట్టు దొరికింది. ఆ ప్రవాహం ఎంత ఉంటుందండీ? మాకు క్యూసెక్కుల్లో చెబితేనే బుర్రకెక్కుతుంది.

లెక్కతేల్చు, హైదరాబాద్
ఆ లెక్క నేను చేసిన. అమాక్ సగటున సెకనుకు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కల సుమారు 60 కోట్ల క్యూసెక్కులు. ఇగ గ్రీన్‌లాండ్ పోగొట్టుకుంటున్న మంచు 2002 నుంచి గ్రేస్ ఉపగ్రహాలు తూకం వేస్తున్న లెక్క ప్రకారం ఏడాదికి సగటున 27,000 కోట్ల టన్నులు. అంటే దాదాపు 9,500 టీఎంసీలు, 30 నాగార్జునసాగర్‌లు. వినడానికి శాన ఎక్కువే. కానీ ఏడాది పొడుగునా సమానంగా పంచితే 3 లక్షల క్యూసెక్కులే. 60 కోట్ల ముందు 3 లక్షలెంత? వెయ్యింట అర వంతు. గంత పెద్ద ప్రవాహాన్ని గిది ఆపుతదంటే నాకైతే నమ్మబుద్ధి అయితలేదు. భయపెట్టుడు ఎక్కువైందని నా అభిప్రాయం. తప్పైతే చెప్పండి.

ఉత్తరసముద్రం, బెర్గెన్
లెక్క సరిగ్గా చేశారన్నా. కానీ ఈ 3 లక్షలు ఆ 60 కోట్లకి ఎదురొడ్డి నెట్టడం లేదు. పైన మూతలా పడుతున్నాయి. పాలగిన్నె మీద మీగడ కట్టడానికి గిన్నెలో పాలంత మీగడ అక్కర్లేదు కదా. నీళ్లు మునిగే చోట్లు కూడా సముద్రమంతా కాదు, కొన్ని ఇరుకైన ప్రాంతాలే. గ్రీన్‌లాండ్ నీళ్లు దిగేది వాటి పక్కనే.

ఇప్పటి 3 లక్షలు ఒక్కటే అమాక్‌ని ఆపేస్తాయని మేమెవరం అనడం లేదు. ఉత్తరాన పెరిగిన వాన, నదుల నీళ్లు, కరుగుతున్న సముద్రపు మంచు, వేడెక్కుతున్న పైపొర కూడా అదే వైపు లాగుతున్నాయి. కంప్యూటర్ నమూనాల్లో మేం ఉత్తర అట్లాంటిక్ మీద మంచినీళ్లు పోసి చూస్తుంటాం. ఎక్కువగా వాడే మోతాదు సెకనుకు లక్ష ఘనపు మీటర్లు. అది దశాబ్దాల తరబడి పోస్తే అమాక్ గట్టిగానే బలహీనపడుతుంది. ఎంత అన్నదాంట్లోనే నమూనాకీ నమూనాకీ తేడా.

గోదారిగట్టు, ధవళేశ్వరం
ఆగండాగండి. సెకనుకు లక్ష ఘనపు మీటర్లంటే 35 లక్షల క్యూసెక్కులు!

ఆ అంకె ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ మర్చిపోరు. 1986 ఆగస్టు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. 175 గేట్లూ ఎత్తేసినా నది గేట్ల కింద నుంచి పోతున్నట్టు లేదు, బ్యారేజీయే నదిలో మునుగుతున్నట్టుంది. మా నాన్న గట్టు మీద లాంతరు పట్టుకుని రాత్రంతా నిలబడ్డారు, నేను పక్కన. పశువుల పాకలు పాకలుగా కొట్టుకొచ్చాయి. ఇక్కడ 10 లక్షలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17 లక్షలకి మూడోది. 35 లక్షలు వచ్చినప్పుడు గట్లు తెగి కోనసీమ లంకలు ఏమయ్యాయో మాకు తెలుసు. అది కొన్ని రోజులే. మీరు చెబుతున్నది ఆ వరద దశాబ్దాల తరబడి, ఏడాదికి 365 రోజులూ.

ఇప్పుడు గ్రీన్‌లాండ్‌ది 3 లక్షలు. మా దగ్గర మామూలు ఆగస్టు అది. కానీ 3 లక్షల నుంచి 10 లక్షలకి నది ఎంతలో పెరుగుతుందో చూసినవాణ్ణి కాబట్టి, ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండలేను.

ఉప్పాడకెరటం, ఉప్పాడ
పెద్దలందరికీ నమస్కారమండి. మాది వేట కుటుంబం. మూత అన్నారు చూడండి, అది మేం కళ్లారా చూస్తామండి. శ్రావణంలో గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు, నది సముద్రంలో కలిసే మొగ దాటి చాలా దూరం సముద్రం కూడా ఎర్రగానే ఉంటది. కొత్తవాళ్లు సముద్రమంతా ఎర్రబడిపోయిందనుకుంటారు. బోటు ముందుకెళ్తుంటే వెనక్కి తిరిగి చూడండి. ఇంజిన్ పంకా తిరిగిన దారమ్మట పచ్చటి నీళ్లు పైకి లేస్తాయి. ఎర్రనీళ్ల మధ్యలో పచ్చటి బాటేసినట్టు ఉంటది. అంటే గోదారి నీళ్లు పైపైనే ఉన్నాయి, అసలు సముద్రం కిందే ఉంది. వల ఎత్తినప్పుడు పై తాడు వేడిగా మట్టిమట్టిగా, కింద తాడు చల్లగా ఉప్పగా తగులుతుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే గానీ దీనికీ గ్రీన్‌లాండ్‌కీ పోలిక ఉందని ఇవాళే తెలిసింది.

ఉత్తరసముద్రం, బెర్గెన్
తమ్ముడూ, నువ్వు రాసింది మా పాఠాల్లో పెట్టుకోదగ్గది. బంగాళాఖాతం ఈ విషయంలో ప్రపంచంలోనే ప్రత్యేకమైన సముద్రం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ అందులోనే పడతాయి, పైనుంచి రుతుపవనాల వాన. ఆ మంచినీళ్ల పొర వల్ల కింది చల్లటి నీళ్లు పైకి రాలేవు. గాలి ఎంత వీచినా పైపొర వేడిగానే ఉంటుంది. బంగాళాఖాతంలో తుపాన్లు బలపడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇక్కడ ఆ మూత సహజంగా, ఏటా పడేది. ఉత్తర అట్లాంటిక్ నీళ్లు వేల ఏళ్లుగా మునుగుతూ వచ్చిన చోటు. అక్కడ మూత పడటమే కొత్త.

ఇంకో సంగతి. అట్లాంటిక్‌కి ఆ ఉప్పు ఎక్కడిది? చాలా భాగం ఈ ప్రవాహమే దక్షిణం నుంచి మోసుకొస్తుంది. ప్రవాహం నెమ్మదిస్తే ఉప్పు తక్కువ వస్తుంది, ఉప్పు తక్కువైతే ఇంకా నెమ్మదిస్తుంది. పాల డబ్బులు తగ్గితే గేదెకి మేత తగ్గుతుంది, మేత తగ్గితే పాలు తగ్గుతాయి, అలాగన్నమాట. హెన్రీ స్టామెల్ 1961లో రెండే రెండు పెట్టెల లెక్కతో దీన్ని చూపించారు. ఒక హద్దు దాటితే ప్రవాహం తనంతట తానే పడిపోగలదని, తర్వాత నీళ్లు పోయడం ఆపినా వెంటనే వెనక్కి రాదని ఆ లెక్కలో తేలింది. ఇప్పటి పెద్ద నమూనాలతో చేస్తున్న పనికి మూలం అదే.

వేపచెట్టు, అనంతపురం
లండన్ సంగతి సరే. మాకు కావాల్సింది వాన. వేరుశనక్కాయ వేసి ఆకాశం చూసే జిల్లా మాది. ఆడ అట్లాంటిక్‌లో ఏదో జరిగితే ఈడ మా చేన్లో చినుకు తగ్గుతుందా? ఇది చెప్పండి సార్.

ఉత్తరసముద్రం, బెర్గెన్
తగ్గే వీలుందన్నా. దీనికి నమూనాలొక్కటే కాదు, పాత సాక్ష్యాలూ ఉన్నాయి.

సుమారు 8,200 ఏళ్ల కిందట ఉత్తర అమెరికా మంచు పలకం అంచున పెద్ద పెద్ద మంచినీటి సరస్సులు ఉండేవి. అడ్డుగా ఉన్న మంచుగట్టు తెగి ఆ నీళ్లు హడ్సన్ బే మీదుగా సముద్రంలో పడ్డాయి. గ్రీన్‌లాండ్ చుట్టుపక్కల ఒకటిన్నర శతాబ్దం పాటు చలి పెరిగింది. అదే కాలంలో ఆసియా గుహల్లో చుక్కచుక్కగా పెరిగిన సున్నపు స్తంభాల్లో వానలు తగ్గిన గుర్తులున్నాయి. అంతకుముందు మంచుయుగంలో ఇలాంటివి చాలాసార్లు జరిగాయి. గ్రీన్‌లాండ్ చల్లబడినప్పుడల్లా చైనాలోని హులు గుహ స్తంభాలు వానలు తగ్గాయని చూపిస్తాయి. అరేబియా సముద్రం అడుగు మట్టి కూడా అదే చెబుతుంది.

కారణం: ఉత్తరార్ధగోళం చల్లబడితే భూమధ్యరేఖ దగ్గర మబ్బులు కూడే పట్టీ దక్షిణానికి జరుగుతుంది. మన నైరుతి రుతుపవనాలు ఆ పట్టీ వేసవిలో ఉత్తరానికి రావడంతో ముడిపడినవే. ఇంకోపక్క భూమి వేడెక్కడం వల్ల గాలిలో తేమ పెరిగి వానలు పెరుగుతాయన్నది వేరే లెక్క. ఈ రెండూ ఎదురెదురుగా లాగుతాయి. అమాక్ కాస్త నెమ్మదిస్తే మీ చేను మీద తేడా ఎంతో నేను అంకె చెప్పలేను. పూర్తిగా పడిపోతే మాత్రం రుతుపవనాలు దెబ్బతింటాయని చాలా నమూనాలు చూపిస్తున్నాయి.

లెక్కతేల్చు, హైదరాబాద్
మూత సంగతి ఒప్పుకుంటున్న. నా లెక్కల అది లేకపాయె. ఇప్పుడు అసలు అనుమానం. ఇది నిజంగ నెమ్మదిస్తున్నదా? 2018ల ఒక పేపర్ 20వ శతాబ్దం మధ్య నుంచి 15 శాతం తగ్గిందన్నది. 2025ల ఇంకోటి వచ్చి గత 60 ఏండ్లల తగ్గనే లేదన్నది. ఎవర్ని నమ్మాలె?

ఉత్తరసముద్రం, బెర్గెన్
ఆ రెండూ నేరుగా కొలిచినవి కావు. ఒకటి సముద్రం పైభాగపు ఉష్ణోగ్రతల నుంచి, రెండోది సముద్రం గాలికిచ్చే వేడి నుంచి లెక్కకట్టినవి. నేరుగా కొలవడం మొదలైంది 2004లో. బహామాస్ నుంచి ఆఫ్రికా తీరం దాకా అట్లాంటిక్ అడ్డంగా అడుగున లంగర్లు వేసి, వాటి నుంచి పైకి నిలబెట్టిన తీగలకు పరికరాలు కట్టారు. ర్యాపిడ్ అని పేరు. ఓడలో వెళ్లి ఆ తీగలు పైకి లాగి, నాచు గీకి, లెక్కలు దించుకుని మళ్లీ వదలాలి. ఇరవై ఏళ్ల కొలత ఇలాంటి ప్రవాహానికి చిన్నది. ఒక్క 2009-10లోనే ఏడాదికి పైగా 30 శాతం పడిపోయి మళ్లీ లేచింది. అంత ఊగేదాంట్లో నెమ్మదిగా జరిగే తగ్గుదల పట్టుకోవడం కష్టం. ఆ ఏడాదే న్యూయార్క్‌కి ఉత్తరాన అమెరికా తీరంలో సముద్రం పదమూడు సెంటీమీటర్ల దాకా ఎత్తు పెరిగింది. ఉబ్బిన ఆ నీళ్లు చూస్తే ఈ ప్రవాహం తీరాలని ఎలా పట్టి ఉంచుతుందో తెలుస్తుంది.

ఇందులో మాస్టారికి నచ్చే ముక్క ఒకటుంది. ఫ్లోరిడాకీ బహామాస్‌కీ మధ్య ప్రవాహాన్ని 1982 నుంచి సముద్రం అడుగునున్న టెలిఫోన్ కేబుల్‌తో కొలుస్తూ వచ్చారు.

సైన్సుమాస్టారు, తణుకు
ఫారడే! ఉప్పునీరు విద్యుత్ వాహకం. అది భూమి అయస్కాంత క్షేత్రంలో కదిలితే వోల్టేజి పుడుతుంది. కేబుల్ ఆ వోల్టేజి చెబుతుంది, వోల్టేజిని బట్టి ప్రవాహం. అద్భుతం. పదో తరగతిలో నల్లబల్ల మీద తీగచుట్ట గీసి చెప్పిన పాఠం ఒక సముద్రాన్ని తూకం వేస్తోందంటే ఒళ్లు పులకరిస్తోంది బాబూ.

ఉత్తరసముద్రం, బెర్గెన్
అవును మాస్టారూ. భూమి అయస్కాంత క్షేత్రం కూడా ఏళ్ల మీద మారుతుంది కదా. ఆ మార్పుని లెక్కలోకి తీసుకుని 2024లో సరిచేస్తే ఫ్లోరిడా దగ్గర ప్రవాహం నాలుగు దశాబ్దాలుగా నిలకడగానే ఉందని తేలింది. ర్యాపిడ్ చూపించిన తగ్గుదల కూడా అనుకున్నదానికంటే చిన్నదైంది. మా లెక్కని మేమే దిద్దుకున్నాం. లెక్కతేల్చు అన్నకి ఇది చెప్పాలనిపించింది.

పరిశోధకులు ఒప్పుకునేది ఇంత: ఈ శతాబ్దంలో అమాక్ బలహీనపడటం దాదాపు ఖాయం. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ఆ మాటే చెప్పింది. 2100 లోపు హఠాత్తుగా కూలిపోదని కూడా అంది, కానీ ఆ మాట మీద ధీమా మధ్యస్థమేనని పక్కనే రాసింది. 2023లో డెన్మార్క్ పరిశోధకులిద్దరు ఈ శతాబ్దంలోనే కూలవచ్చని లెక్కకట్టారు. 2024 అక్టోబరులో 44 మంది శాస్త్రవేత్తలు ఈ ముప్పుని తక్కువ అంచనా వేస్తున్నారంటూ నార్డిక్ దేశాల మంత్రులకి బహిరంగ లేఖ రాశారు. ఇంకో చిక్కు, భవిష్యత్తు చెప్పే చాలా నమూనాల్లో గ్రీన్‌లాండ్ కరుగునీళ్ల లెక్క ఇప్పటికీ సరిగ్గా కలవలేదు. మీరు చేసిన ఆ 3 లక్షల క్యూసెక్కులు వాటిలో లేవన్నా.

గోదారిగట్టు గారూ, మీ అమ్మాయికి వచ్చే చలికాలం భయం ఏమీ లేదని మీ ఇంట్లో చెప్పండి. ఇది ఆమె పిల్లల కాలానికి సంబంధించిన విషయం.

ఉప్పాడకెరటం, ఉప్పాడ
ఒకటడగాలండి. మా ఊళ్లో ఇళ్లు సముద్రంలో కలిసిపోయాయి. మా తాతగారి ఇల్లున్న చోట ఇప్పుడు బోట్లు తిరుగుతున్నాయి. అది ఈ మంచు వల్లేనా?

ఉత్తరసముద్రం, బెర్గెన్
మంచు ఒక్కటే కాదు తమ్ముడూ. నదుల్లో ఇసుక రాక తగ్గడం, తీరం వెంట నడిచే ఇసుకకి కట్టడాలు అడ్డుపడటం ఇంకా దగ్గరి కారణాలు. నిజం అలా ఉంటే మంచు మీదే నెట్టేయకూడదు. అయితే మంచు వాటా కూడా ఉంది. ఉపగ్రహాలు కొలవడం మొదలైన 1993 నుంచి ప్రపంచ సముద్రమట్టం సగటున 10 సెంటీమీటర్ల దాకా పెరిగింది. గ్రీన్‌లాండ్ మంచు విషయంలో మన తీరానికి ఇంకో ఇబ్బంది. అంత పెద్ద మంచుగుట్ట తన ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. అది కరిగేకొద్దీ పట్టు సడలి గ్రీన్‌లాండ్ పక్కన సముద్రం దిగుతుంది, దూరంగా ఉన్న మన లాంటి చోట్ల సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది. నేనుండే నార్వే తీరానికి గ్రీన్‌లాండ్ నుంచి వచ్చే వాటా తక్కువ, మీ ఉప్పాడకి ఎక్కువ. ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది.

గోదారిగట్టు, ధవళేశ్వరం
మాస్టారూ, మా చిన్నమ్మాయి ప్రయోగం చేసింది. మామూలు నీళ్లలో మీరన్నట్టే నీలం దారాల్లా కిందికి దిగింది, కాసేపటికి గ్లాసంతా లేత నీలం. ఐస్ కూడా తొందరగా కరిగింది. ఉప్పునీళ్ల గ్లాసులో వేలెడంత నీలం పొర పైనే నిలబడిపోయింది. కింద తేటగా ఉంది. పావుగంట చూశాం, దిగలేదు. మా ఆవిడ కూడా పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది.

తర్వాత పిల్ల చెంచా పెట్టి ఒక్కసారి తిప్పింది, మొత్తం కలిసిపోయింది. "నాన్నా, సముద్రంలో చెంచా ఏది?" అంది. నాకు జవాబు తెలీలేదు.

ఉత్తరసముద్రం, బెర్గెన్
ఆ పాప అడిగింది ఇప్పుడు మా రంగంలో అందరం అడుగుతున్న ప్రశ్న. సముద్రానికి పెద్ద చెంచా అంటార్కిటికా చుట్టూ వీచే పడమటి గాలులు. వాటికి అడ్డంగా భూమి లేదు, భూగోళమంతా చుట్టి వీస్తాయి. లోతుల్లోకి వెళ్లిన నీళ్లని మళ్లీ పైకి లాగేది ప్రధానంగా అవే. 2025లో 34 నమూనాలతో చేసిన ఒక పరిశోధన, ఎంత వేడెక్కినా ఎంత మంచినీరు పోసినా ఆ గాలుల వల్ల అమాక్ పూర్తిగా చావదని, బాగా బలహీనపడి కొనఊపిరితో మిగులుతుందని చెప్పింది.

కానీ అదే దక్షిణాన ఇంకో మూత పడుతోంది. అంటార్కిటికా తీరంలో సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి వదిలేస్తుంది. ఆ ఉప్పుతో బరువెక్కిన నీళ్లు అడుక్కి దిగి, ఆక్సిజన్ మోసుకుంటూ హిందూ మహాసముద్రం అడుగుల దాకా వస్తాయి. అలా దిగే చోట్లలో ఒకటి కేప్ డార్న్‌లీ, అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం భారతి ఉన్న ప్రిడ్జ్ బే దగ్గర్లోనే. అక్కడి మంచు పలకాల కరుగునీళ్ల వల్ల ఈ దిగడం 2050 నాటికి 40 శాతానికి పైగా తగ్గవచ్చని, ఉద్గారాలు ఇలాగే ఎక్కువగా ఉంటే, 2023లో ఒక లెక్క వచ్చింది.

లెక్కతేల్చు, హైదరాబాద్
అక్కడ పడే నీళ్లెన్ని? టన్నుల్ల చెప్పు తమ్మీ, క్యూసెక్కుల్ల నేను చేస్త.

ఉత్తరసముద్రం, బెర్గెన్
అంటార్కిటికా మంచు పలకం లోటు ఏడాదికి సుమారు 15,000 కోట్ల టన్నులు అన్నా, గ్రేస్ లెక్కల్లోనే.

లెక్కతేల్చు, హైదరాబాద్
దాదాపు 5,300 టీఎంసీలు. లక్షా డెబ్బై వేల క్యూసెక్కులు, రాత్రీ పగలూ.

సైన్సుమాస్టారు, తణుకు
సోమవారం మా పాత బడికి వెళ్తున్నాను. ఇప్పుడున్న సైన్సు టీచరమ్మ నా శిష్యురాలే. రెండు గ్లాసులు కాకుండా పొడుగాటి గాజు తొట్టి ఒకటి సంపాదించాలి, ఒక చివర ఐస్, ఇంకో చివర వేణ్ణీళ్ల సంచీ, పైన చిన్న టేబుల్ ఫ్యాను. అక్వేరియం కొట్లో పాతది ఎవరైనా ఇప్పించగలరా? ఉప్పు నేను తెస్తాను.

ఉప్పాడకెరటం, ఉప్పాడ
మా బావమరిది దగ్గర మూడడుగుల తొట్టి ఉందండి, చేపలు తీసేశాడు. ఆదివారం సాయంత్రం బస్సుకి వేస్తాను మాస్టారూ. ఒక సీసాలో మొగ దగ్గరి ఎర్రనీళ్లు కూడా పట్టి పంపనా?